డ్రిల్లు చక్కు లేతు ఎక్కాలంటే

కడిగిన స్టీలు గ్లాసులు తడి ఆరకుండానే ఒకదానిలో ఒకటి దోపి పెడితే, మర్నాటికి అవి ఒక పట్టాన ఊడిరావు. లాగినా రావు, మెలితిప్పినా రావు. నేలకేసి కొడితే గ్లాసుకు సొట్ట, మనకు చివాట్లు. చూడబోతే వాటి మధ్య మేకు లేదు, జిగురు లేదు, మరలూ లేవు. మరి అంత గట్టిగా పట్టుకున్నదేమిటి? ఈ సంగతి తెలిస్తే, చేతి డ్రిల్లుకు ఉండే చక్కును చెక్క పని చేసే లేతు మీదికి ఎక్కించడమెలాగో సగం తెలిసినట్టే. మిగతా సగం తెలియాలంటే హైదరాబాదులోని సనత్‌నగర్ వైపు ఒకసారి వెళ్ళిరావాలి.

సనత్‌నగర్ అనగానే అదేదో సనత్కుమారుడి పేరు కాబోలు అనుకుంటారు. కాదు. ఉర్దూలో 'సన్అత్' అంటే పరిశ్రమ. ఊరి పేరులోనే ఫ్యాక్టరీ ఉందన్నమాట! 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఇక్కడే బస్సు బాడీలు, ఇనప బీరువాలు, రిఫ్రిజిరేటర్లు తయారుచేసింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. పొరుగునున్న బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మాత్రం పనిముట్ల రూపకల్పన ఇప్పటికీ నేర్పుతూనే ఉంది. ఇలాంటి పెద్ద సంస్థల చుట్టూ చిన్న చిన్న షెడ్లు పుట్టుకొచ్చాయి. 'జాబ్ వర్క్ చేయబడును' అని బోర్డు పెట్టుకుని, మీరు పట్టుకెళ్ళిన ఇనప ముక్కను మీరు చెప్పిన కొలతకు తిప్పి ఇస్తారు. అక్కడ ఉర్దూ మాట్లాడే మిస్త్రీలకు లేతు 'ఖరాదు', మర 'చూడీ'. తెలుగులోనూ లేతుకు చక్కని పాత పేరుంది: తరిమెన. మంచం కోళ్ళు, బొంగరాలు, పప్పుగుత్తి పిడి అన్నీ తరిమెన పట్టినవే.

చెక్క లేతులో ఎడమ పక్కన ఉండేది హెడ్‌స్టాకు. మోటారు దాని కదురును, అంటే స్పిండిలును, తిప్పుతుంది. కుడి పక్కన ఉండేది టెయిల్‌స్టాకు. అది తిరగదు, చక్రం తిప్పితే దాని మొన ముందుకో వెనక్కో జరుగుతుంది. ఈ రెంటి మధ్యా చెక్కను ఇరికించి, తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనించి చెక్కుతారు. మంచం కోడుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కాని బొంగరానికి మేకు దిగే బెజ్జం సరిగ్గా నడిమధ్యన పడాలన్నా, కుంకుమ భరిణె లోపలి భాగం తొలవాలన్నా, వేలెడంత పుల్లను ఒక్క చివర మాత్రమే పట్టుకుని చెక్కాలన్నా, పట్టుకునే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యే చక్కు. లేతు కోసమే చేసిన చక్కులు ఖరీదైనవి. పాడైపోయిన డ్రిల్లు మిషనుకున్న చక్కు మాత్రం చాలా ఇళ్ళల్లో ఏ మూలనో మూలుగుతూ ఉంటుంది. దాన్నే లేతుకు ఎందుకు తగిలించకూడదు?

తగిలించవచ్చు. అయితే ముందు ఆ చక్కు కడుపులో ఏముందో చూడండి. లోపల మూడు దవడలుంటాయి. అవి ఏటవాలుగా తొలిచిన మూడు రంధ్రాల్లో కూర్చుని ఉంటాయి. వాటి వీపు మీద మరలు. ఆ మూడు వీపులనూ చుట్టి ఒకే ఉంగరం. ఉంగరాన్ని తిప్పితే మూడు దవడలూ ఒకేసారి, ఒకే దూరం ముందుకు జారి ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఎవరూ కొలవనవసరం లేకుండానే బిట్టు తనంతట తాను నడిమధ్యకు వచ్చి నిలుస్తుంది. దీన్ని ఈ రూపంలో తయారుచేసినవాడు ఆర్థర్ ఇర్వింగ్ జేకబ్స్ అనే అమెరికన్. పేటెంటు 1902లో వచ్చింది. పాత రకం చక్కు బిగిస్తుంటే స్పానరు జారి ఆయన వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయనీ, ఆ కసితోనే పళ్ళ తాళంచెవితో బిగించే చక్కు కనిపెట్టాడనీ కథగా చెప్పుకుంటారు.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ చక్కు పుట్టింది నిలువు పోటు కోసం. డ్రిల్లును గోడకు నొక్కినప్పుడు తోపు బిట్టు వెంబడే వస్తుంది. పక్క నుంచి తోసే బలాన్ని తట్టుకోవడానికి దీన్ని చెయ్యలేదు. ఈ మాటతో మనకు మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు గ్లాసుల దగ్గరికి వద్దాం. గ్లాసు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. ఇలా క్రమంగా సన్నబారడాన్నే మిస్త్రీలు టేపరు అంటారు. పై గ్లాసు కిందికి దిగినకొద్దీ కింది గ్లాసు గోడలను బయటికి తోస్తుంది. గోడలు తిరిగి లోపలికి నొక్కుతాయి. కర్ర చీల్చే మేకులాంటిదే ఇదీను, కాకపోతే గుండ్రటి మేకు. ఆ నొక్కుడు మూలంగా ఘర్షణ పుడుతుంది. ఆ ఘర్షణే పట్టు. (వాటిని విడదీయడానికి పై గ్లాసులో చన్నీళ్ళు పోసి, కింది గ్లాసును వేడినీళ్ళలో ముంచుతారు. ఎందుకో మీకు తెలుసు.)

సన్నబారే వాలు ఎంత ఉంటే పట్టు నిలుస్తుంది? ఈ లెక్క మీ తరగతిలోదే. స్టీలుకూ స్టీలుకూ మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకుందాం. ఏ కోణానికి టాంజెంటు 0.15 అవుతుందో చూస్తే అది సుమారు ఎనిమిదిన్నర డిగ్రీలు. దీన్నే ఘర్షణ కోణం అంటారు. టేపరు గోడ వాలు ఇంతకంటే తక్కువైతే అది తనంతట తాను జారి బయటికి రాదు. 1860ల్లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన డ్రిల్లు బిట్ల కోసం ఒక టేపరు ఏర్పరిచాడు. (టెలిగ్రాఫు మోర్స్ వేరు, ఈయన వేరు.) అది ప్రతి 20 మిల్లీమీటర్ల పొడవుకూ సుమారు 1 మిల్లీమీటరు వ్యాసం తగ్గుతుంది. అంటే ఒక్కో పక్క వాలు 40కి 1. కోణం సుమారు 1.43 డిగ్రీలు. ఘర్షణ కోణంలో ఇది ఆరో వంతు! ఇక ఊడమంటే ఎలా ఊడుతుంది? పెద్ద మిల్లింగు మిషన్లలో వాడే మరో టేపరు 24కి 7 చొప్పున తగ్గుతుంది. దాని పక్క వాలు 8.3 డిగ్రీలు. అది ఘర్షణ కోణానికి అంచు మీద ఉంటుంది కాబట్టి దాన్ని వెనక నుంచి కడ్డీతో లాగి బిగించక తప్పదు.

మోర్స్ టేపరులో ఇంకో లాభం ఉంది. దాన్ని 10 కిలోల బలంతో లోపలికి నొక్కితే, గోడల మీద పడే మొత్తం నొక్కుడు అంతకు ఐదు రెట్లు దాటుతుంది. కాబట్టి బెజ్జం వేసేటప్పుడు మనం ఎంత నెడితే పట్టు అంత బిగుస్తుంది. ఈ టేపర్లకు అంకెలతో పేర్లు పెట్టారు. చెక్క లేతుల్లో ఎక్కువగా కనిపించేవి 1వ నంబరు, 2వ నంబరు. 2వ నంబరు లావు చివర వ్యాసం 17.78 మిల్లీమీటర్లు, 1వ నంబరుది 12.065. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే ఏది ఏదో ఇట్టే తేలిపోతుంది.

మోర్స్ దొరగారి కంటే ముందే మనవాళ్ళు ఈ కిటుకు ఎరుగుదురు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరుంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెత్తటి అంకుడు కర్రను లేతు మీద తిప్పి బొమ్మగా చెక్కుతారు. తర్వాత తిరుగుతున్న బొమ్మకే రంగు లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అద్దంలా అంటుకుంటుంది. ఘర్షణతో రంగు వెయ్యడమన్నమాట! సరే, ఆ కర్రను లేతుకు బిగించేదెలా? లక్క పని లేతు కదురుకు గుంటలాంటి చక్కు ఒకటి ఉంటుంది. కర్ర కొసను కాస్త సన్నగా చెక్కి, ఆ గుంటలో పెట్టి సుత్తితో కొడతారు. అంతే. దవడల్లేవు, తాళంచెవి లేదు. సన్నబారిన కొయ్య, గుంట గోడ, వాటి మధ్య ఘర్షణ. పూర్వం ఆ లేతును చేత్తో తిప్పేవారు. ఇప్పుడు మోటారు తిప్పుతోంది. పట్టు మాత్రం అదే.

ఇక అసలు పనికి వద్దాం. అన్నిటికంటే సులువైన దారి టెయిల్‌స్టాకు. లేతుకు అక్కడ మోర్స్ గుంట ఉంటే, ఒక చివర మోర్స్ టేపరు, రెండో చివర చక్కు వీపుకు సరిపోయే టేపరో మరో ఉన్న ఆర్బరు అనే ఉక్కు ముక్క చాలు. సికింద్రాబాదు రాణీగంజ్‌లోని హార్డువేరు దుకాణాల వంటి చోట్ల ఇలాంటివి అడగవచ్చు. గుంటను, ఆర్బరును పొడిగుడ్డతో తుడిచి, చేత్తో ఒక్క ఊపున దోపాలి. నూనె పూసి దోపకూడదు సుమా! పట్టునిచ్చే ఘర్షణనే మనం చెరిపేసినట్టవుతుంది.

ఇప్పుడు చెక్క తిరుగుతుంది, బిట్టు కదలకుండా నిలబడుతుంది. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. మామూలు డ్రిల్లులో తిరిగేది బిట్టు, నిలిచి ఉండేది చెక్క. ఇక్కడ తలకిందులైంది కదా, మరి ఎడమ చేతి వాటం బిట్టు కావాలా? అక్కర్లేదు. టెయిల్‌స్టాకు వైపు నుంచి చూస్తే లేతు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. చెక్క మీద కూర్చున్న చీమకు బిట్టు ముల్లు తిరిగే దిక్కున తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. సరే, చక్కును హెడ్‌స్టాకుకే పెట్టి బిట్టును తిప్పితే? అప్పుడు బిట్టు వెనక నుంచి, అంటే రెండో పక్క నుంచి చూడాలి. అదే తిరుగుడు అటునుంచి ముల్లు దిక్కుగా కనిపిస్తుంది. రెండు చోట్లా మామూలు బిట్టే చెల్లుతుంది. ఒక పెన్సిలును చేత్తో తిప్పి, దాన్ని రెండు కొసల నుంచీ చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది.

హెడ్‌స్టాకులోని మోర్స్ గుంటలో చక్కును పెట్టి, దానితో చిన్న చెక్కను పట్టుకుని చెక్కాలనుకుంటే మాత్రం సంగతి మారుతుంది. బెజ్జం వేసేటప్పుడు టేపరును లోపలికి నెట్టే బలం ఉంది. ఉలితో చెక్కేటప్పుడు అది లేదు. ఉన్నదల్లా పక్క నుంచి తగిలే దెబ్బలు. ఒక్కో దెబ్బకు టేపరు అటూ ఇటూ వెంట్రుకంత ఊగుతుంది, వెంట్రుకంత బయటికి పాకుతుంది. తిరుగుతూ తిరుగుతూ చక్కు మొత్తం ఊడి ఎగిరిందంటే ఎవరికి తగులుతుందో చెప్పలేం. అందుకని వెనక కొసలో మర రంధ్రం ఉన్న ఆర్బరునే తీసుకోవాలి. కదురు బోలుగా ఉంటుంది కాబట్టి ఎడమ చివర నుంచి పొడుగాటి మరకడ్డీని దూర్చి, ఆర్బరు వీపులో తిప్పి, బయట నట్టుతో లాగి బిగించాలి. 2వ నంబరు ఆర్బర్లకు ఎక్కువగా 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంటుంది. ఈ కడ్డీ లేకుండా హెడ్‌స్టాకులో చక్కు పెట్టి చెక్కబూనడం నా దృష్టిలో ధైర్యం కాదు, తెలివితక్కువతనం.

కదురుకు గుంటే లేకపోతే? పాత లేతుల్లోనూ, షెడ్డులో చేసిన చిన్న లేతుల్లోనూ కదురు కొసన బయటి మర మాత్రమే ఉండవచ్చు. అప్పుడు కావలసింది అడాప్టరు. ఒక పక్క కదురు మీద ఎక్కే లోపలి మర, రెండో పక్క చక్కులో దిగే బయటి మర. చూడటానికి చిన్న ఇనప ముక్కే. చేయించడంలోనే ఉంది తిరకాసు.

మొదటి తిరకాసు మరల కొలత. చేతి డ్రిల్లు చక్కుల వీపున ఎక్కువగా అర అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు ఉండే మర ఉంటుంది. చిన్నవాటికి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, 24 చుట్లు. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం వచ్చింది. అయినా అంగుళాల మరలు మనల్ని వదల్లేదు. స్క్రూగేజి పాఠంలో పిచ్ అని చదివారు కదా, ఆ లెక్క ఇక్కడ కట్టండి. అంగుళం 25.4 మిల్లీమీటర్లు, 20తో భాగిస్తే పిచ్ 1.27. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇప్పుడు 12 మిల్లీమీటర్ల సన్న మరబోల్టును తీసుకోండి. దాని పిచ్ 1.25. పిచ్‌లో తేడా 0.02 మాత్రమే! చక్కులో పెట్టి తిప్పితే హాయిగా దిగిపోతుంది. సరిపోయిందని సంబరపడతాం. కాని బోల్టు 0.7 మిల్లీమీటర్లు సన్నం. మర పళ్ళు ఒకదానిలో ఒకటి దిగవలసిన లోతులో సగమే దిగి, కొసలతో వేలాడుతుంటాయి. చేత్తో తిప్పితే బాగానే ఉంటుంది. చెక్కలో బిట్టు పట్టేసిన నాడు పళ్ళు చెరిగి చక్కు చేతికొస్తుంది. కాబట్టి షెడ్డుకు కాగితం మీద కొలత రాసుకుని వెళ్ళడం కాదు, చక్కునే పట్టుకెళ్ళాలి. కదురును పట్టుకెళ్ళలేం గనక దాని మీద ఎక్కే నట్టునో ఫేస్‌ప్లేటునో తీసుకెళ్ళాలి.

రెండో తిరకాసు నడిమధ్యం. అడాప్టరు లోపలి మర, బయటి మర ఒకే అక్షం మీద ఉండాలి. కడ్డీని ఒక పక్క మర తీసి, విప్పి, తిరగేసి మూడు దవడల చక్కులో మళ్ళీ బిగించి రెండో పక్క తీస్తే, తిరగేసినప్పుడు ఎంతోకొంత పక్కకు జరుగుతుంది. మంచి టర్నరు ఏం చేస్తాడంటే, ముందు అడాప్టరు లోపలి మర తీసి పక్కన పెడతాడు. తర్వాత తన లేతులో వేరే ఇనప ముక్క బిగించి, దాని మీద మీ కదురు కొసలాంటి కొస ఒకటి మరతో సహా చెక్కుతాడు. దాన్ని విప్పకుండా, ఉన్న చోటనే ఉంచి, అడాప్టరును దాని మీద ఎక్కించి రెండో పక్క తిప్పుతాడు. ఇప్పుడు రెండు పక్కలూ ఒకే అక్షం చుట్టూ పుట్టినట్టే. ఒక ముక్క కోసం మరో ముక్క వృథా అయినట్టు కనిపిస్తుంది. పని తెలిసినవాడు ఆ వృథాకు వెనకాడడు.

మర ఒక్కటే చక్కును నిటారుగా నిలపదు. మరకూ మరకూ మధ్య ఎప్పుడూ కొంత సందు ఉంటుంది. కదురు మర మొదట్లో చదునైన గట్టు ఒకటి ఉంటుంది. అడాప్టరు ముఖం ఆ గట్టుకు పూర్తిగా ఆనాలి. నిటారుతనం అక్కడి నుంచి వస్తుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ గట్టుకు ఒక పక్క 0.1 మిల్లీమీటరు మందాన పొట్టు చేరిందనుకోండి. అక్కడికి 100 మిల్లీమీటర్ల దూరాన బిట్టు మొన 0.4 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. తిరిగేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు 0.8 మిల్లీమీటర్ల ఊగిసలాట. బెజ్జం పెద్దదైపోవడానికి అది చాలు. పరీక్షించడానికి ఖరీదైన డయల్ గేజి ఏమీ అక్కర్లేదు. చక్కులో నిటారైన ఉక్కు కడ్డీ బిగించి, దాని పక్కన ఒక పెన్సిలు మొనను తగిలీ తగలకుండా నిలపండి. మోటారు ఆపి, ప్లగ్గు పీకి, చేత్తో కదురు తిప్పండి. సందు పెరిగే చోట నోటుపుస్తకం కాగితాలు దూర్చి చూడండి. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఎన్ని కాగితాలు పడితే అంత ఊగుడు.

అంతా అమిరాక కూడా ఈ చక్కు ఎంత పని చేస్తుందో తెలిసి వాడాలి. బొంగరం మేకు బెజ్జాలు, పిడుల బెజ్జాలు, 13 మిల్లీమీటర్ల లోపు పుల్లలు దీనికి తగిన పని. దవడలు చెక్కను పట్టుకునే పొడవు 15 మిల్లీమీటర్లనుకోండి. చెక్క 75 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటే, దాని కొసన ఉలి ఒక కిలో బలంతో నెట్టినా దవడల దగ్గర దాని ప్రభావం ఐదు రెట్ల పైనే. మీటసూత్రం ఎవరినీ వదలదు. పొడుగు ముక్కైతే రెండో కొసకు టెయిల్‌స్టాకు మొన ఆనించాలి.

బిగించిన తాళంచెవిని చక్కులో మరిచిపోవడం మరో ప్రమాదం. లేతు మోటార్ల మీద 1440 అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు; అవి నిమిషానికి తిరిగే చుట్లు, అంటే సెకనుకు 24. తాళంచెవి కొస అక్షానికి 6 సెంటీమీటర్ల దూరాన ఉంటే దాని వేగం సెకనుకు సుమారు 9 మీటర్లు, గంటకు 32 కిలోమీటర్లు. అది స్కూటరు వేగంతో మొహం మీదికి వచ్చే ఇనప ముక్క. తాళంచెవి చక్కులో ఉన్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉండాలి. చెయ్యి తీస్తే తాళంచెవీ తియ్యాలి. కళ్ళద్దాలు, బిగుతు చేతుల చొక్కా, పక్కన పని తెలిసిన పెద్దవాళ్ళు లేకుండా స్విచ్చి వెయ్యకండి.

చివరగా మరల దిక్కు. కదురు మర కుడి మర. చెక్కేటప్పుడు ఉలి అడ్డు తగిలితే చక్కు ఇంకా బిగుస్తుంది, భయం లేదు. కాని తిరుగుతున్న లేతును ఒక్కసారిగా ఆపితే కదురు ఆగుతుంది, బరువైన చక్కు జడత్వం వల్ల ముందుకే తిరగబోతుంది, మర వదులవుతుంది. మోటారును వెనక్కి తిప్పినా ఇంతే. రెండు వైపులా తిరిగే చేతి డ్రిల్లుల్లో దీనికో ఉపాయం చేశారు. చక్కు దవడలు పూర్తిగా తెరిచి లోపలికి తొంగి చూడండి. అడుగున ఒక స్క్రూ కనిపిస్తుంది. అది ఎడమ మర. చక్కు ఊడబోతే అది బిగుస్తుంది. పాత డ్రిల్లు నుంచి చక్కును విప్పేటప్పుడు ముందు దాన్నే, కుడి వైపుకు తిప్పి, తియ్యాలి. ఈ సంగతి తెలియక ఎడమకు తిప్పి తిప్పి స్క్రూ తల అరగదీసినవాళ్ళు ఎందరో. అడాప్టరు చేయించేటప్పుడు దాని మధ్యలోనూ ఆ స్క్రూకు సరిపడే ఎడమ మర రంధ్రం పెట్టించుకుంటే మంచిది.

సైకిలు ఎడమ పెడలుకు కూడా ఎడమ మరే ఉంటుంది. అలాగే కొన్ని పాత చెక్క లేతుల్లో కదురు రెండు కొసలకూ మరలుంటాయి. పెద్ద పళ్ళేలు చెక్కడానికి ఎడమ కొసను వాడతారు. కుడి కొసకు కుడి మర. మరి ఎడమ కొసకు ఏ మర ఉండాలి? ఇందాకటి పెన్సిలును మళ్ళీ తిప్పి చూసి చెప్పండి.